అక్కకు పొలమారిన రోజు నుంచి

ఆ ఉదయం కాఫీ తాగుతుంటే అక్కకు పొలమారింది. నేను తల మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారక్కా" అన్నాను.

"నన్ను తలుచుకునేదానికి నువ్వు తప్ప ఎవురుండారురా" అని నవ్వింది.

కోట అనే మా ఊళ్లో, ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్లం. అక్క బట్టలు కుట్టేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఆ ఉదయం తర్వాత రోజూ పొలమారసాగింది. పాటలో మాటలు ముద్దగా వచ్చేవి. నెల్లూరులో ఎమ్మారై, కండరాల పరీక్ష ఈఎంజీ చేశారు. న్యూరాలజిస్టు దాచలేదు. "మోటార్ న్యూరాన్ డిసీజ్. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు. తగ్గించలేం. బాధ లేకుండా చూడగలం."

వానల్లో న్యుమోనియా వచ్చి ఐసీయూలో చేరింది. బయటపడింది గానీ మాట పూర్తిగా పోయింది. తిండి పోయడానికి పొట్టలోకి పెగ్ ట్యూబ్ వేయాలా, ఊపిరాడకపోతే వెంటిలేటర్ పెట్టాలా అన్నది తేల్చాలి. రెండూ పెట్టించాలనే నేననుకున్నాను. అక్క లేని ఇల్లు నా ఊహకు అందలేదు.

డాక్టరుగారు మాతో పాటు, నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ నర్సునూ, మింగడం నేర్పే స్పీచ్ థెరపిస్టునూ కూర్చోబెట్టారు. నాకు నచ్చలేదు.

"ఇది మీరు చెప్పాల్సింది గదా సార్. వాళ్లెందుకు?"

"ఒకప్పుడు మేమే తేల్చేవాళ్లం. కానీ మీ అక్కతో రోజూ కూర్చునేది నేను కాదు, వీళ్లు."

థెరపిస్టు అక్షరాల అట్టను అక్క ముందు పెట్టింది. "మీరే చెప్పండక్కా." అక్క వేలు ఒక్కో అక్షరం మీదికి మెల్లగా జరిగింది. మిషను వద్దు. గొట్టం వద్దు. చేపల పులుసు కావాల.

నర్సు ఫక్కున నవ్వింది. డాక్టరుగారు నవ్వలేదు. నోటితో తింటే మళ్లీ న్యుమోనియా రావచ్చని, ఆయుష్షు తగ్గవచ్చని వివరించి, "తెలిసే అంటున్నారా అమ్మా?" అని అడిగారు.

వేలు మళ్లీ కదిలింది. తెలుసు. మామిడికాయ వెయ్యాల.

అప్పుడు ఆయనా నవ్వారు. నేను కళ్లు తుడుచుకుని సరేనన్నాను.

ఇంటికొచ్చాం. చేప ముళ్లు తీసి, మెత్తగా మెదిపి, గడ్డం కిందికి వంచి కొంచెం కొంచెంగా పెట్టడం థెరపిస్టు నేర్పింది. ఆయాసానికి మార్ఫిన్ ఎలా ఇవ్వాలో నర్సు వచ్చి చూపింది. ఆదివారాలు చర్చి పాటవాళ్లు మా వరండాకే వచ్చేవారు. శ్రుతి తప్పినవాళ్లను అక్క వేలెత్తి చూపేది.

"ఏందక్కా, మాట పోయినా పెత్తనం పోలా!" అని వాళ్లు ఆటపట్టించేవారు.

మా ఇంట్లో అంతగా నవ్విన వేసవి ఇంకొకటి లేదు. మామిడికాయల కాలం దాటాక, ఒక ఉదయం, నా చేతిలో చెయ్యి ఉంచి నిద్రలోనే వెళ్లిపోయింది.

ఇప్పుడు నేనే వండుకుంటున్నాను. పాటవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు. ఇలాంటి నిర్ణయం మీ ముందుకొస్తే, మీ మనిషిని రోజూ చూసుకునే నర్సునో థెరపిస్టునో కూడా ఆ గదిలోకి పిలవమని డాక్టరును అడగండి.

మొన్న మజ్జిగ తాగుతుంటే నాకు పొలమారింది. నా తల నేనే తట్టుకుని, "చెప్పక్కా" అన్నాను.