ఎక్కేవాడు కనబడితే చూపించు

మా మావయ్య పోయారు. అమ్మకు అన్న, నన్ను చిన్నప్పుడు భుజాన మోసిన మనిషి. ఆ కబురు నాకు ఆల్ప్స్ కొండల్లో, హోటల్లో పొద్దున టిఫిన్ దగ్గర అందింది. ఆఫీసు శిక్షణ కోసం వారం రోజులకు అక్కడికి వెళ్ళాను. మలేషియాలో అప్పటికి మధ్యాహ్నం దాటింది. మా ఊరు బంటింగ్ నుంచి అత్త ఫోన్ చేసి, "అమ్మీ, మీ మావ ఎల్లిపోనాడే. అన్నం తిని కుర్చీలో కూకున్నాడు, కూకున్నట్టే ఎల్లిపోనాడు" అంది. కిటికీ బయట మంచు వాలు ఇంకా ఖాళీగా ఉంది.

మావయ్యకు మంచు కొండలంటే ప్రాణం. కానీ ఆయన మంచు చూడలేదని నేను అనలేను. ఎందుకో చెబుతాను.

వయసులో ఉండగా ఆయన రబ్బరు తోటలో పని చేసేవారు. తెల్లవారకముందే వెళ్ళి చెట్లకు గాటు పెట్టి పాలు పట్టడం. గడ్డి మీద కురిసిన నీటిబొట్లను, చెట్ల మధ్య కమ్మిన తెల్లటి పొగను మా ఇంట్లో మంచు అనే అంటారు. నాకు తెలిసిన మంచు అదొక్కటే. బడిలో మలయ్ టీచరు ఒకరోజు సల్జీ అనే మాట నేర్పింది. చలిదేశాల్లో ఆకాశం నుంచి రాలి పడుతుందట. ఇంటికొచ్చి, "సల్జీని మనం ఏటంటాం మావా?" అని అడిగాను. "మంచు" అన్నారు. మర్నాడు క్లాసులో లేచి నిలబడి, మా మావయ్య రోజూ పొద్దున్నే సల్జీలో చెప్పుల్లేకుండా నడుస్తాడని గొప్పగా చెప్పాను. టీచరుతో సహా అందరూ నవ్వారు. ఏడుస్తూ ఇంటికొస్తే ఆయన మాత్రం నవ్వలేదు.

"నువ్వు తప్పు సెప్పలేదే. మాటొకటే, మంచులు రెండు. ఒకటి నాను తొక్కినాను. రెండోది నువ్వు తొక్కు. తొక్కి నాకు సూపించు."

తోట పోయి ఫ్యాక్టరీలు వచ్చాక మావయ్య పోర్ట్ క్లాంగ్‌లో చేపలు నిలవ చేసే శీతల గిడ్డంగిలో చేరారు. మా దేశపు ఎండలో, దుప్పటంత కోటు చంకన పెట్టుకుని బస్సెక్కే మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. సాయంత్రం వచ్చాక పేపర్లలోంచి పర్వతారోహకుల బొమ్మలు కత్తిరించి పొడుగు నోటుబుక్కులో అంటించేవారు. ఇంగ్లీషు వార్తలు చదివి తెలుగులో చెప్పడం నా పని. నా తెలుగు అంతంతమాత్రం, మాట దొరకనప్పుడు ఇరుగుపొరుగు మాట్లాడే తమిళంలోకి జారిపోయేదాన్ని. ఆయన ఓపిగ్గా వినేవారు. చివర్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న.

"ఎక్కినోల్ల పేర్లు సదివినావు. మూటలు మోసినోల్ల పేర్లేవి?"

పేపర్లో చాలాసార్లు ఉండేవి కావు. అందుకని ప్రతి బొమ్మ కింద ఒక గీత ఖాళీగా వదిలేవారు. గిడ్డంగిలో పెట్టెలు మోసే మనిషి కదా, ఆ ఖాళీ ఆయనకు కనబడేది. మాకెవరికీ కనబడేది కాదు.

నేను కాలేజీ చదువు మధ్యలో మానేసి వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు. మావయ్య ఆ నోటుబుక్కు పట్టుకొచ్చి, ఒక గడ్డం మనిషి బొమ్మ తీసి నా ఒళ్ళో పెట్టారు. "కొండ కొస కనబడతన్నాది, గాలి తిరిగినాది. ఈడు ఎనక్కొచ్చేసినాడు. ఇంటికొచ్చి కాఫీ తాగినాడు. అందులో సిగ్గేటి?" అన్నారు. ఆ వార్త ఆయనకు చదివి చెప్పింది నేనే, అందులో కాఫీ సంగతి లేదు. అయినా ఆ ఏడాది నన్ను నిలబెట్టింది ఆ కాఫీయే.

ఇక నా సిగ్గు సంగతి చెప్పాలి. ఆయన పోయే ముందురోజు వాలు దగ్గర నిలబడి వీడియో కాల్ చేశాను. జనం రంగురంగుల కోట్లు వేసుకుని, కాళ్ళకు స్కీలు కట్టుకుని జర్రున జారిపోతున్నారు. మావయ్య కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు.

"అందరూ దిగేవోల్లే. ఎక్కేవోల్లేరే?"

"తీగ మీద కుర్చీలుంటాయి మావా. అవే పైకి తీసుకెల్తాయి."

"కుర్చీలో కూకుంటే ఎక్కడమేటే. నడిసి ఎక్కేవోడు ఒక్కడు కనబడితే సూపించు."

"సేతులు కొంకర్లు పోతన్నాయి మావా. రేపు సూపిత్తాను."

చేతులు నిజంగానే కొంకర్లు పోతున్నాయి. కానీ లోపల వేడి చాక్లెట్ దగ్గర ఆఫీసువాళ్ళు నా కోసం చూస్తున్నారు, అందుకే పెట్టేశాను. వెతికితే ఒక్కడైనా దొరికేవాడేమో. ఆ మాట ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

అత్త ఫోన్ పెట్టేశాక కోటు వేసుకుని బయటికి వచ్చాను. కుర్చీలు ఇంకా కదలడం లేదు. వాలు అంచున, చెట్ల పక్కగా ఒక మనిషి నడిచి ఎక్కుతున్నాడు. భుజాన స్కీలు, వీపున మూట. నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు, ఊపిరి పీల్చుకుని మళ్ళీ కదులుతున్నాడు. నా చెయ్యి దానంతటదే మావయ్య నంబరు నొక్కింది.

అత్త ఎత్తింది. "ఏటి అమ్మీ?"

కెమెరా కొండ వైపు తిప్పాను. అత్త కాసేపు చూసింది. ఫోన్ తీసుకుని నడిచి వెళ్ళి, హాల్లో చాప మీద పడుకోబెట్టిన మావయ్య ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

ఆ మనిషి మలుపు దాటి కనబడకుండా పోయేదాకా ఇటు నేను, అటు అత్త చెయ్యి దించలేదు.