రేడియేటర్ మూత

నిన్న నాచారం రోడ్డు మీద ఆగిపోయిన లారీ దగ్గర అదే వాసన వచ్చింది, తుప్పునీళ్లు మరిగిన వాసన. మన ఈడు వాళ్లకు గుర్తుందా, అప్పట్లో లారీలు ఇంటి ముందే బాగయ్యేవి.

ఉప్పల్‌లో మా నాన్న తన లారీ రేడియేటర్ చిల్లికి టంకం వేసి, బిగించి, ఇంజను నడిపి చూశాడు. మూత తీసి నీళ్లు చూడమని అమ్మకు చెప్పాడు.

“జర సల్లారనీ,” అంది అమ్మ.

“బండి సంగతి నాకు జెప్తవా? తియ్!”

తీసింది. మరిగే నీళ్లు ఎగజిమ్మి ఆమె చెయ్యంతా కాలింది. అరుస్తూ పక్కనున్న చన్నీళ్ల బకెట్ కోసం వంగితే, నాన్న దాన్ని లాక్కుని ఆ నీళ్లు రేడియేటర్‌లో పోశాడు.

నేను లోపలికి పరుగెత్తి చెంబుతో నీళ్లు తెచ్చేసరికి, ఆయన టంకాన్ని వేలితో తడుముతూ నవ్వుతున్నాడు.

“సుక్క గూడ కార్తలేదు, సూడు!”

అమ్మ చూసింది. కాలిన చేతిని కడుపుకు అదుముకుని, “మంచిగ జేసినవ్,” అంది.