డాక్టరమ్మ టోపీ కోసం ఆర్మూర్ దాకా

శనివారం పొద్దున ఆరూ నలభైకి కోరుట్ల బస్టాండులో నిజామాబాద్ బస్సెక్కాం, నేనూ మా అక్క కూతురు రవళీ. పని ఒక్కటే, టోపీ కొనాలి. జాతరలో దొరికే గుడ్డ టోపీ కాదు. చుట్టూ అంచున్న మొదటి రకం ఫెల్ట్ టోపీ. టోపీ కోసం ఆర్మూర్ పోతారా, పసుపు కోసం పోతారు గానీ అని మా బావ ముందురోజే నవ్వాడు. నవ్వితే నవ్వాడు, ఛార్జీలేమన్నా ఆయన పెట్టుకున్నాడా? ఆడవాళ్లం కాబట్టి ఇద్దరికీ సున్నా టికెట్టే. మీరూ వెళ్లేటట్టయితే ఆధార్ కార్డు మరిచిపోకండి.

నేను ముప్పై ఏళ్లు సర్కారు బడిలో కుట్టు టీచరుగా చేసి రిటైరయ్యాను. గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపితే చాలు, ఏ రకమో, ఎన్ని ఉతుకులకు ఆగుతుందో చెప్పేస్తానని నాకు కొంచెం పొగరు. ఆ పొగరు ఆర్మూర్‌లో దిగిపోయింది. అదీ చెబుతాను.

ముందు టోపీ ఎందుకో చెప్పాలి. రవళి పశువుల డాక్టరు చదివింది. ఏర్గట్ల దిక్కు ఒక ఊళ్లో పశువుల దవాఖానలో ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికొచ్చిన నెలలోనే తలలో రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు రాలిపోయాయి. పేనుకొరుకుడు అంటాం మనం. మళ్లీ మొలుస్తాయని డాక్టర్లు చెప్పారు, ఎప్పుడన్నది చెప్పలేదు. ఒకచోట మొలుస్తుంటే ఇంకోచోట పోతున్నాయి. ఇంట్లోంచి బయటికి రావడం మానేసి, చేరే గడువు ఒకసారి పొడిగించుకుంది. ఇక పొడిగించరు. సోమవారం చేరకపోతే ఉద్యోగం పోయినట్టే. విగ్గు తెస్తే చెమటకు జారింది. స్కార్ఫు కట్టుకుని పొమ్మంటే నా మీద గయ్యిమంది.

"స్కార్ఫు కట్టుకుంటే రోగి అనుకుంటరు చిన్నమ్మా. మా కాలేజీల ఒక సారు ఫెల్ట్ టోపీ పెట్టుకొని కొట్టంలకు వస్తుండె. ఆయనను జూస్తే ఎవరన్న డాక్టరే అనుకుంటుండె. నాకు గసొంటిది కావాలె" అంది.

ఆరు నెలల్లో ఆ పిల్ల నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగింది అదొక్కటే. ఆర్మూర్ పక్కనే పెర్కిట్‌లో ఉండే నా పాత తోటి టీచరుకు ఫోన్ చేస్తే, ఆర్మూర్ పసుపు యార్డు వెనక గల్లీలో టోపీలు చేసే పెద్దాయన ఉన్నాడని చెప్పింది. అదీ సంగతి.

మెట్‌పల్లి దాటాక కిటికీలోంచి పసుపు ఉడికిన వాసన మొదలైంది. రోడ్డు పక్క కళ్లాల్లో ఎక్కడ చూసినా పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. నా పక్కన కూర్చున్న ఆలూర్ రైతు, ఈ వాసన పీల్చినోళ్లకు జలుబు రాదని ఎంతో నమ్మకంగా చెప్పి, చెప్పడం అయ్యీ కాగానే రెండుసార్లు తుమ్మాడు. రవళి స్కార్ఫును కళ్ల దాకా లాక్కుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఎనిమిదీ పదికి పెర్కిట్‌లో దిగాం. ఆటోకు మనిషికి ఇరవై. ఆటో మలుపు తిరగగానే ఆర్మూర్ గుట్టలు కనబడ్డాయి. ఎన్నిసార్లు చూసినా ఆ నల్లటి బండలు ఒకదాని మీద ఒకటి ఎలా ఆగాయో నాకర్థం కాదు, నోరు తెరుచుకుని చూస్తాను. ఒక చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాం, చట్నీ బాగుంది, చాయ్ మాత్రం పానకమే.

తొమ్మిదింటికి గల్లీ పట్టుకున్నాం. బోర్డేమీ లేదు. టోపీల సాబ్ అంటే ఎవరైనా చూపిస్తారు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల గడ్డం, ముంజేతులు మాత్రం పడుచువాడివి. వాళ్లది హైదరాబాద్ పాతబస్తీ. తండ్రి దగ్గర పెళ్లికొడుకుల టోపీలు చేయడం నేర్చుకున్నాడు. కూతుర్ని ఆర్మూర్‌కు ఇచ్చాక ఆయనా భార్య బేగం గారూ ఇక్కడికే వచ్చేశారు. గదిలో ఒక గోడ నిండా ఇత్తడి అచ్చులు, ఇంకో గోడకు నున్నటి చెక్క తలకాయలు. నిజంగా తలకాయలే, కళ్లూ ముక్కూ లేవంతే.

ఆయన మూడు టోపీలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఏది మంచిదో చెప్పమన్నాడు. నేను ముందుకు దూకాను. మొదటిది నిగనిగలాడుతోంది, అదే మంచిదన్నాను. ఆయన దాన్ని గుప్పిట్లో నలిపి వదిలాడు, ముడతలు ముడతలుగా ఉండిపోయింది. అందులో సగం ప్లాస్టిక్ దారమట. రెండోది మామూలు గొర్రె ఉన్ని. నలిపితే మెల్లగా లేచింది, కానీ చేత్తో రుద్దితే నూగు వచ్చింది. మూడోదాన్ని పిడికిట్లో ముద్దచేసి వదిలాడు. అది చప్పుడు లేకుండా తనంతట తాను విచ్చుకుని మునుపటిలా కూర్చుంది. మీద చెంబుతో నీళ్లు పోస్తే చుక్కలు చుక్కలుగా జారిపోయాయి.

నేను దాన్ని చేతిలోకి తీసుకుని అలవాటుగా పోగు కోసం వెతికాను. పోగు లేదు. పడుగు లేదు, పేక లేదు. తిరగేశాను, అంచు గోటితో గీరాను, వెలుతురుకు పెట్టి చూశాను. ఎక్కడా నేత లేదు. ఇదెట్లా నిలబడిందని అడిగేశాను.

"నేత లేదు, కుట్టు లేదు అమ్మా. ఉన్నిని ఉన్నే పట్టుకున్నది. నీళ్లు, వేడి, ఒత్తుడు. గంతే. దీన్ని మేం నమ్దా అంటం" అన్నాడు సాబ్.

ముప్పై ఏళ్లు పిల్లలకు పోగు లేకుండా గుడ్డ లేదని పాఠం చెప్పినదాన్ని. సిగ్గూ సంతోషమూ ఒకేసారి కలిగాయి. అరగంట సేపు ఆ టోపీని చేతిలోంచి దించలేదు.

తర్వాత కొలత. అక్కడే వచ్చింది చిక్కు. గుడ్డ మీంచి సాబ్ కొలత తీసుకోడట. రవళి మొహం పాలిపోయింది, లేచి గుమ్మం వైపు నడిచింది కూడా. నేను బతిమాలేలోపే సాబ్ తన స్టూలును గోడవైపు తిప్పుకుని మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. బేగం గారు లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గరికి వేసి, రవళి స్కార్ఫు తనే విప్పింది. కాగితం పట్టీ తల చుట్టూ తిప్పుతూ అంకెలు చెబుతుంటే, ఆయన గోడను చూస్తూనే రాసుకున్నాడు. ఖాళీ అయిన చోట్ల మీదుగా ఆమె వేళ్లు మిగతాచోట్లలాగే వెళ్లాయి. ఎడమ పక్క తల కాస్త ఎక్కువుందని, అందరికీ అలాగే ఉంటుందని మాత్రం చెప్పింది. ఆవిడ చేతులు పట్టుకుని కళ్లకద్దుకోవాలనిపించింది నాకు.

కొలత దొరికింది గదా, ఇక కొనేయడమే అనుకున్నాను. కాదు. సాబ్ దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆ కొలత టోపీ ఒకటి ఊరికే పెట్టించి, పసుపు యార్డంతా ఒక చుట్టు తిరిగి రమ్మంటాడు. తిరిగొచ్చాక ఒక్కటే ప్రశ్న, చెయ్యి ఎన్నిసార్లు టోపీ మీదికి పోయిందని. అద్దంలో చూసుకుంటే టోపీ కనబడుతుందట, తిరిగితేనే తల సంగతి తెలుస్తుందట.

రవళి నల్లది ఏరుకుంది, వెడల్పాటి అంచుది. పదింటికి బయల్దేరాం. యార్డు చూడాలండీ! కుప్పలు కుప్పలుగా పసుపు కొమ్ములు, బస్తాలు, చేటలు, కాంటాలు, కొమ్ము విరిచి లోపలి రంగు చూసే వ్యాపారులు. గాల్లోనే పసుపుంది. మనుషుల కనుబొమ్మల మీద, కుక్కల వీపుల మీద, చాయ్ బండి గ్లాసుల మీద పసుపే. ఇంత పసుపు ఒక్కచోట నేనెన్నడూ చూడలేదు. రవళి మాత్రం నేల చూపులు చూస్తూ నడిచింది. చెయ్యి క్షణానికోసారి నెత్తికి పోతోంది. తిరిగొచ్చేసరికి నల్ల టోపీ మీద పసుపు దుమ్ము ఒక పొరలా పడి ఉంది.

"పదకొండుసార్లు. నాకు పడది చిన్నమ్మా, పోదాం పా" అంది.

సాబ్ నలుపు తీసి, దున్నిన చేను రంగుది, అంచు చిన్నది ఇంకోటి పెట్టాడు. మళ్లీ తిరిగి రమ్మన్నాడు. రవళి మొండికేసింది. నేను చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. యార్డు గేటు దగ్గర చాయ్ బండి ఆమె తన మేకను చూపిస్తూ ఎవరితోనో గొడవ పడుతోంది. పారబోసిన అన్నం తినేసిందట, ఎడమ డొక్క డోలులా ఉబ్బి ఉంది. నేను పక్కకు చూసేలోపే రవళి మేక దగ్గర కూర్చుంది. డొక్క మీద వేళ్లతో కొట్టి విన్నది, ముందు కాళ్లు గట్టు మీద పెట్టించింది, బండి ఆమెను మంచినూనె అడిగింది. కొంచెం కొంచెంగా పట్టించి డొక్క రుద్దుతూ పావుగంట అక్కడే ఉంది. మేక పెద్దగా తేన్చింది. చుట్టూ పదిమంది చేరారు, ఆ సంగతే ఆమెకు తెలియదు. నాకైతే కొత్త మనిషిని చూస్తున్నట్టుంది. ఇంట్లో ఆరు నెలలుగా మూల కూర్చున్న పిల్ల ఈ పిల్లేనా అనుకున్నాను.

గదికి వెళ్లాక సాబ్ అదే ప్రశ్న అడిగాడు. రవళి నా వైపు చూసింది. ఆమెకు తెలియలేదు. నేనైతే చూస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా పోలేదు.

"గదే నీ టోపీ బేటీ" అన్నాడు.

అప్పుడు పని మొదలుపెట్టాడు. అంత దూరం వచ్చినందుకు అది చూడటమే చాలు అనిపించింది. ఆ రంగు నమ్దా కొత్తది తీసి, కెటిల్ ఆవిరి పట్టించి, మెత్తబడగానే చెక్క తలకాయ మీదికి లాగాడు. ఎడమ పక్క బేగం గారు చెప్పినంత మేర చెక్కకు ఒక పలచటి బద్ద కట్టాడు. తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టెతో అంచు దిద్దాడు. ఒక్క గీత గీయలేదు, ఒక్క కత్తెర పెట్టలేదు, చివర అంచు కోసినప్పుడు తప్ప. మధ్యాహ్నం ఒంటిగంటకు బేగం గారు బగారన్నం, దాల్చా పెట్టింది, వద్దంటే వినలేదు. తిన్నాక లోపలి తోలు పట్టీ ఆమే కుట్టింది. నేను కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూశాను. బయటికి ఒక్క కుట్టు కనబడదు. నేను టీచర్నని ఆమెకు చెప్పాలనుకుని, మానేశాను.

నాలుగింటికి టోపీ రవళి తల మీద ఉంది. స్కార్ఫు మడిచి నా సంచిలో అడుగున పెట్టింది. ధర అడగకండి, మా బావకే చెప్పలేదు ఇంకా.

నాలుగున్నరకు బస్టాండులో ఉన్నాం. శనివారం, పైగా పెళ్లిళ్ల రోజులు, ఇసుక వేస్తే రాలని జనం. కోరుట్ల మీదుగా పోయే బస్సు వచ్చింది. మన దగ్గర ఎలాగో మీకు తెలుసు. బస్సు ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, దస్తీలు, సంచులు లోపలికి పడతాయి. పడ్డ చోటు వాళ్లది. నేనూ పరుగెత్తాను. రవళి నా పక్కనే ఉంది. ఒక కిటికీ నా ముందుకొచ్చింది, సీటు ఖాళీగా కనబడింది, నా చెయ్యి దస్తీ కోసం వెతికింది. చేతికి అందినదాన్ని లాగి కిటికీలోంచి విసిరేసింది.

అది టోపీ.

చెయ్యి చేసిన పని నాకు తెలిసేసరికి రవళి ఆ జనం మధ్య, ఎండలో, వట్టి తలతో నిలబడి ఉంది. నుదుటి పైన వెంట్రుకలు పోయిన చోటు ఒకటి, చెవి వెనక అరచేయంత ఇంకొకటి. చుట్టూ ఉన్నవాళ్లు చూశారు. ఒకాయన చూసి తల తిప్పుకున్నాడు, ఇంకొకామె తిప్పుకోలేదు. ఆరు నెలలు ఆ పిల్ల దేనికి భయపడిందో దాన్నే నేను, నా చేతులతో, నడి బస్టాండులో చేశాను. స్కార్ఫు కోసం సంచిలో చెయ్యి పెడితే అన్నీ వచ్చాయి, అదొక్కటి తప్ప. కొంగు తీసి కప్పబోయాను.

రవళి నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక్కసారి అందరినీ చూసింది. మళ్లీ బస్సును చూసింది.

"సీటు పోతది, నడువు చిన్నమ్మా" అని, నాకంటే ముందు తోసుకుంటూ ఎక్కింది.

లోపల మనిషి మీద మనిషి ఉన్నారు. మా సీటు మాత్రం ఖాళీగానే ఉంది. మధ్యలో ఆ మట్టిరంగు టోపీ కూర్చుని ఉంది, నిలబడ్డవాళ్లు దాన్ని ముట్టుకోకుండా చుట్టూ నిలబడ్డారు. ముందు సీట్లోని లావుపాటి ఆమె ఇటు తిరిగి, ఎవరో ఆఫీసరుది కదపకుండ్రి అని అందరికీ చెబుతోంది. రవళిని పైనుంచి కింది దాకా చూసి, ఇది ఎవరిదని అడిగింది.

"నాది. పశువుల డాక్టర్‌ను. సోమవారం జాయినయితున్న" అంది రవళి.

ఆ మాట ఆరు నెలల్లో ఇంట్లో కూడా అనలేదు. ఆ లావుపాటి ఆమె చూపు రవళి తల మీద ఒక్క క్షణం ఆగింది, అంతే, వెంటనే తన బర్రె చూడి కట్టడం లేదని మొదలుపెట్టింది. ఎన్ని ఈతలయ్యాయి, దాణా ఏం పెడుతున్నారు, ఎప్పుడు ఎదకొచ్చింది అని రవళి ఒక్కొక్కటే అడిగింది. వెనక సీటాయన తన దూడ సంగతి తెచ్చాడు. మెట్‌పల్లి దాకా ఇదే. కిటికీ తెరిచే ఉంది, టోపీ నా ఒళ్లోనే ఉంది. నేను కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఆర్మూర్ వెళ్లేవాళ్లు గుట్టలు చూడండి, యార్డు చూడండి. వీలైతే ఆ గల్లీలో కాసేపు కూర్చోండి, పోగు లేని గుడ్డ ఎలా నిలబడుతుందో చూస్తారు. రోజంతా చూసినవాటిలో నాకు దండం పెట్టాలనిపించినవి చాలా ఉన్నాయి, కానీ ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పిల్లను చూసినంత ఇదిగా దేన్నీ చూడలేదు.

మెట్‌పల్లిలో బస్సు కాస్త ఖాళీ అయ్యాక, తప్పయిపోయింది బిడ్డా అని టోపీ ఆమెకు అందించాను. అందుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఒళ్లో పెట్టుకుంది.

"సోమవారం పెట్టుకుంట చిన్నమ్మా. ఎండ మస్తుంటది గదా" అంది.