నోరు మూసుకోలేని ఆంబ్రోస్ థ్వైట్

ఆంబ్రోస్ థ్వైట్ ఎక్కడైనా నోరు మూసుకుని కూర్చోగలడు, ఒక్క గినీపందుల పోటీ బల్ల దగ్గర తప్ప. ప్రార్థనా మందిరంలో పాదరీ ఎంతసేపు ఉపదేశం దంచినా కిక్కురుమనడు. పేకాటలో చేతినిండా రాజులే పడినా మొహంలో గీత కదలదు. భార్య ఎడ్నా పొద్దుటినుంచి పడుకునేదాకా సాధించినా "ఊఁ" అనడు. అదే ఆయన గినీపంది వెళ్ళి జడ్జి ముందు కూర్చుందంటే మాత్రం, ఇక ఆ నోటికి తాళం వేసే మొనగాడు మా యార్క్‌షైర్‌లో పుట్టలేదు.

ఆ బల్ల దగ్గర మాట్లాడటమంటే మాకు మందిరంలో ఈల వేయడంకన్నా పెద్ద తప్పు. ఏ పంది ఎవరిదో జడ్జికి తెలియకూడదు. పంది చెవికి ఒక అంకె అంటించి ఉంటుంది, అంతే. పంజరంలోంచి తీసి బల్లమీద పెట్టడానికి వేరే మనిషి ఉంటాడు. యజమాని బల్ల చుట్టూ కట్టిన తాడు వెనక నిలబడి, ఆ పంది మొహం ఎప్పుడూ చూడనట్టు నటించాలి. "ఇది నాది" అని తెలిసేలా ఒక్క ముక్క బయటికొచ్చినా ఆ పంది పోటీలోంచి పోయినట్టే. కొత్తగా చేరినవాళ్ళకి మేం మొట్టమొదట చెప్పే పాఠం ఇదే. గోళ్ళు తీయడం, స్నానం చేయించడం, మగవాటి వెనక పట్టే జిడ్డు కడగడం, ఇవన్నీ ఆ తర్వాత.

ఒకసారి జడ్జి క్రాబ్‌ట్రీ తెల్లకోటు సర్దుకుని ఆంబ్రోస్ పందిని చేతిలోకి తీసుకున్నాడు. "చెవులు కాస్త..." అన్నాడో లేదో, తాడు వెనకనుంచి పిడుగు పడింది.

"చెవులకేమొచ్చిందయ్యా! గులాబీ రేకుల్లా వాలి ఉన్నాయి. కళ్ళజోడు తుడుచుకుని చూడు!"

క్రాబ్‌ట్రీ పందిని కింద పెట్టాడు. "ఇది ఎవరిదో నాకు తెలిసిపోయింది. తీసేయండి."

ఇంకోసారి బల్లమీద పంది తుమ్మింది. "చల్లగా ఉండు తల్లీ," అన్నాడు ఆంబ్రోస్. అదీ పోయింది.

మా హేజల్‌థార్ప్ గినీపందుల క్లబ్బులో నున్నటి బొచ్చు పందులకి ఏటా నవంబరు పోటీలో ఇచ్చే ఒక వెండి కప్పుంది. దానిమీద ఆంబ్రోస్ నాన్న పేరు వరసగా చెక్కి ఉంటుంది. ఆంబ్రోస్ పేరు ఒక్కసారి కూడా లేదు. చుట్టుపక్కల ఊళ్ళలో మంచి పందులన్నీ ఆయన ఇంట్లో పుట్టినవే, కప్పు మాత్రం ఏటా ఇంకెవరింటికో పోతుంది. ఆ కప్పు కోసం ఎడ్నా గోడగడియారానికీ పింగాణీ కుక్కకీ మధ్య చోటు ఖాళీగా ఉంచింది.

"పెళ్ళయినప్పటినుంచీ అక్కడ గాలికి దుమ్ము దులుపుతున్నాను," అనేది నాతో. "గాలి మాత్రం తళతళలాడుతోంది."

నా సంగతి కూడా చెప్పాలి. నా పేరు హిల్డా, బడి వంటశాలలో బంగాళాదుంపలు చెక్కుతాను. నా మొగుడు బస్సు డిపోలో పనిచేసే ఆవిడతో వెళ్ళిపోయిన ఏడాది, ఇంట్లో ఎవరో ఒకరు గుర్రుగుర్రుమంటూ ఉండకపోతే తోచక ఆంబ్రోస్ దగ్గర ఒక గినీపందిని కొన్నాను. బాగా మేపాను. మొదటి పోటీకి తీసుకొస్తే ఆయన పంజరంలోకి తొంగిచూశాడు.

"ఇదేంటి పిల్లా, పందా, దిండా?"

"మీరమ్మిందే కదండీ!"

"నేనమ్మినప్పుడు పందే. నువ్వు మేపి దిండు చేశావు. ఆ గోళ్ళేంటి? పియానో వాయిస్తుందా?"

సణుక్కుంటూనే దాన్ని ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీశాడు. జేబురుమాలుతో మొహం తుడిచాడు. దాని మొహమే, నాది కాదు. ఏడుపు ముంచుకొస్తున్నది మాత్రం నాకే.

ఆరోజు చివరికి బల్లమీద రెండు మిగిలాయి, ఆయనదీ నాదీ. క్రాబ్‌ట్రీ చెయ్యి ఆయన పంది వైపు వెళ్ళింది. వెంటనే ఆంబ్రోస్, "అదీ! ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది నీకు!" అని అరిచాడు. ఆయన పంది పంజరానికి పోయింది, మామూలు పోటీల్లో మొదటి బహుమతిగా ఇచ్చే ఎర్ర కార్డు నాకు వచ్చింది. దాన్ని వంటింట్లో పొయ్యి పైన తగిలించాను. ఆ ఏడాది ప్రపంచం మొత్తంలో నన్ను మొదటిదానివన్నది ఆ అట్టముక్క ఒక్కటే. ఆవిరికి రంగు వెలిసినా, మనసు బాగాలేని పొద్దుల్లో దానివైపే చూసేదాన్ని.

ఏళ్ళు గడిచాయి. ఆంబ్రోస్ మోకాళ్ళు అరిగాయి, పోటీలు జరిగే క్లబ్బు హాలు పైకప్పు కారడం మొదలెట్టింది, క్లబ్బులో మనుషులకంటే పందులు ఎక్కువయ్యాయి. ఒక నవంబరులో ఎడ్నా నడుం బిగించింది. భోగిమంటలాంటి మా నవంబరు మంటల పండక్కి నల్లటాఫీ చేస్తాం. అది నోట్లో పడితే దవడ కదలదు. పోటీకి ముందు రాయంత ముక్క ఒకటి ఆంబ్రోస్ నోట్లో కుక్కింది.

"ఇక వాగు చూద్దాం," అంది.

ఆంబ్రోస్ గుడ్లురిమాడు. మాట మాత్రం రాలేదు. హాలంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆరోజు బెరిల్ అని ఒక కొత్తావిడ వచ్చింది. రొట్టెల దుకాణంలో పనిచేస్తుంది. మంచాన పడ్డ తల్లికి ఏళ్ళతరబడి చాకిరీ చేసి, ఆ తల్లీ పోయాక, ఆంబ్రోస్ దగ్గర ఒక మీగడరంగు పందిని కొంది. పొద్దుటినుంచీ మూలబెంచీమీద కోటు విప్పకుండా కూర్చుంది. ఎవరూ పలకరించలేదు. మావాళ్ళు పందిని చూసి కరిగిపోతారు, పక్కన మనిషుందని గుర్తుండదు. టాఫీ పడకముందు ఆంబ్రోస్ ఒక్కడే వెళ్ళి, "దీనికి స్నానం ఇవాళే చేయించావా? ముళ్ళపందిలా లేచిందేం బొచ్చు? మూడురోజుల ముందే చేయించాలని చెప్పలేదూ?" అని చీవాట్లు పెట్టి, అరచేత్తో ఆ బొచ్చంతా అణిచి వచ్చాడు. దాంతో ఆవిడ ఇంకా ముడుచుకుపోయింది.

ఆరోజు పందుల్ని బల్లమీదికి చేర్చే పని నాది. చివరికి రెండే మిగిలాయి. అక్కచెల్లెళ్ళు. ఒకటి ఆంబ్రోస్‌ది, ఒకటి బెరిల్‌ది. క్రాబ్‌ట్రీ ఆంబ్రోస్ పంది నడుంమీద చెయ్యి వేసి తల ఆడిస్తున్నాడు. ఎడ్నా కళ్ళలో కప్పు మెరుస్తోంది. అటు బెరిల్ తన ఖాళీపెట్టె చేతిలోకి తీసుకుని, కోటు పై గుండీ పెట్టుకుంటోంది.

అది నేను చూశాను. ఆంబ్రోస్ కూడా చూశాడు. గోడవైపు తిరిగాడు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి, టాఫీతో సహా పై పళ్ళసెట్టు ఊడబీకి, జేబురుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ ఇటు తిరిగాడు.

"ఓయ్ క్రాబ్‌ట్రీ! దాని నడుం అలా పిసక్కు! అది నా పంది, నీ పిండిముద్ద కాదు!"

కప్పు బెరిల్‌కి పోయింది. ఆవిడ కోటు గుండీ విప్పింది. ఎడ్నా కళ్ళు మూసుకుని, "ఇంకో ఏడాది గాలికే దుమ్ము దులపాలి," అంది.

హాలు వెనక వంటగదిలో ఆయన పళ్ళు కడుక్కుంటుంటే వెళ్ళి పట్టుకున్నాను.

"కావాలనే అరిచారు."

"నోరు ఊరుకోలేదు పిల్లా."

"నోరు టాఫీతో మూసుకునే ఉంది. వేళ్ళు ఊరుకోలేదు."

కుళాయి కట్టేశాడు. పళ్ళసెట్టుకి అంటిన టాఫీ గోటితో గీకసాగాడు.

"మా నాన్న ఏటా కప్పు గెలిచేవాడు," అన్నాడు, ఆ పళ్ళసెట్టుతోనే చెప్తున్నట్టు. "ఆయన గెలిచినప్పుడల్లా ఒకరో ఇద్దరో పెట్టె సర్దుకుని పోయేవాళ్ళు. మళ్ళీ రాలేదు. ఆఖరికి ఈ హాల్లో ఆయనా, ఆయన పందులూ, ఆ కప్పూ మిగిలాయి. ఈ చలిలోకి వచ్చి, ఎవరూ పలకరించక, ఉత్తచేతులతో పోయిన మనిషి మళ్ళీ వస్తాడా? చెప్పు."

"అయితే నాది?"

"నీదేంటి?"

"నా ఎర్ర కార్డు."

ఆయన పళ్ళు తీరిగ్గా పెట్టుకున్నాడు. "నీది దిండు పిల్లా. నీకారోజే చెప్పాను."

ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి ఆ కార్డు పీకాను, పొయ్యిలో పడేద్దామని. తీస్తే వెనక గోడమీద నలుచదరంగా తెల్లటి మచ్చ. చుట్టూ అంతా పొగచూరి ఉంది. కార్డుకంటే ఆ మచ్చే ఎక్కువ బాధపెట్టింది. తిట్టుకుంటూ మళ్ళీ అక్కడే తగిలించాను.

కానీ కడుపుమంట ఊరుకోనిస్తుందా? క్లబ్బులో టీ తాగుతూ ఒకళ్ళిద్దరి దగ్గర కక్కేశాను. తీగ లాగితే డొంకంతా కదిలింది. మాలో ఎవరి మొదటి ఎర్ర కార్డు చూసినా, అది ఆంబ్రోస్ అరిచిన రోజున వచ్చిందే. అందరూ నాలాగే దాన్ని గోడకెక్కించుకున్నారు. అందరికీ నాలాగే మండింది. ముసలాణ్ణి కలిసికట్టుగా తిట్టాం. మా క్లబ్బు అంత ఐకమత్యంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

మరుసటి నవంబరు నాటికి ఆంబ్రోస్ దంపతులకి మెట్లు లేని చిన్నిల్లు దొరికింది. మోకాళ్ళకి మంచిదే, కానీ అక్కడ జంతువులు పెంచడానికి వీల్లేదు. పందులన్నీ ఇచ్చేశాడు. డచెస్ అనే ఒక్కదాన్ని చివరి పోటీకని ఉంచుకున్నాడు. ఆ కప్పుకి ఇదే ఆఖరు అవకాశం.

పొద్దున్నే ఎడ్నా నన్ను పక్కకి లాగింది. "టాఫీ ఈసారి రెండింతలు ముదర కాచాను. పళ్ళసెట్టుకి జిగురు కూడా దట్టించాను. ఏమైనా చేస్తారో, చెయ్యరో, మీ ఇష్టం."

"ఏం చెయ్యడం?"

"నాకేం తెలుసు? నేను దుమ్ము దులుపుకునేదాన్ని."

బల్లమీద పందులు బారుగా కూర్చున్నాయి. క్రాబ్‌ట్రీ మొదటిదాన్ని ఎత్తాడు. బెరిల్ గొంతు సవరించుకుంది.

"అది నాదండీ. స్నానం ఇవాళే చేయించాను."

క్రాబ్‌ట్రీ ఉలిక్కిపడి దాన్ని తీసేయించాడు. రెండోదానిమీద చెయ్యి వేశాడో లేదో, వెనకనుంచి ఎవరో, "నాదే, నాదే. కడుపునిండా తినొచ్చింది," అన్నారు. ఆ తర్వాత ఆ మూలా ఈ మూలా గొంతులు లేచాయి. ఒక్కొక్కటే పంజరానికి పోతోంది. ఆఖరికి డచెస్, నాదీ మిగిలాయి.

నిజం చెప్తున్నాను, నాది అలాంటిలాంటి పంది కాదు. వెడల్పాటి భుజాలు, వంపు తిరిగిన ముక్కు, పెద్ద కళ్ళు. నా చేతిలో అంతకుముందు అలాంటిది పుట్టలేదు, ఇకముందు పుడుతుందన్న ఆశా లేదు. క్రాబ్‌ట్రీ చెయ్యి దానిమీదే ఆగింది. ఈసారి ఎవరి దయా లేకుండా గెలిచేదాన్ని. అయినా నోరు తెరిచాను.

"క్రాబ్‌ట్రీ గారూ, మీ చేతికిందున్నది నా దిండు."

అప్పటికి ఆంబ్రోస్‌కి సంగతి అర్థమైంది. గోడవైపు తిరిగి వేళ్ళు నోట్లో పెట్టాడు. లాగాడు, గుంజాడు, మొహం కందగడ్డలా అయింది. ఎడ్నా జిగురు కదల్లేదు. పక్కన ఎడ్నా కూడా కదల్లేదు.

బల్లమీద డచెస్ ఒక్కతే కూర్చుని ఆకు నములుతోంది. క్రాబ్‌ట్రీ కళ్ళజోడు తీసి మమ్మల్నందర్నీ చూశాడు. "ఇంతమంది మూర్ఖుల్ని ఒకేచోట ఎప్పుడూ చూడలేదు," అని కప్పు దాని పక్కన పెట్టాడు.

వంటగదిలోకి వెళ్ళేసరికి ఆంబ్రోస్ వేడినీళ్ళు పుక్కిలిస్తున్నాడు. కప్పు గట్టుమీదుంది. నోరు విడగానే నామీద విరుచుకుపడ్డాడు.

"ఇదీ ఒక గెలుపేనా? ముష్టి! మా నాన్న పేరు కింద ఈ ముష్టి చెక్కించుకోవాలా?"

"మాలాగా గెలిస్తే ఎలా ఉంది?" అన్నాను.

"చేదుగా ఉంది."

"కొన్నాళ్ళు అలాగే ఉంటుంది. వంటింట్లో పెట్టుకోండి, ఆవిరికి కొంత పోతుంది."

ఆయన కప్పు ఎత్తి, నాన్న పేరున్నచోట చొక్కాచేత్తో తుడిచి చంకలో పెట్టుకున్నాడు. గుమ్మందాకా వెళ్ళి ఆగాడు.

"ఇవాళ నీ పందే మెరుగు పిల్లా. ఆ భుజాలు చూశాను."

ఇన్నేళ్ళలో ఆయన నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు. ఆయన తలుపు తీశాడు.

"గోళ్ళే ఘోరం. ఇంకా పియానో వాయిస్తోందా?"