సూర్యుడికీ మంగు వచ్చిన వేసవి

మా చిన్నప్పుడు... చందర్లపాడు దగ్గర కల్లంలో మిరపకాయలు ఎర్రగా ఆరుతుంటే, మా పిన్ని ముఖానికి తువ్వాలు చుట్టుకుని, రంగు మారిన తాలుకాయలు ఏరుతుండేది. పిన్నంటే మా బాబాయి భార్య. బుగ్గల నిండా మంగు మచ్చలు... "నీ ముఖమూ తాలైందే" అని పక్కన ఏరుతున్నావిడ ఒకసారి నవ్వుతూ అనేసింది. అప్పట్నుంచీ ఆ తువ్వాలు. పెళ్లిళ్లకు రావడం కూడా మానేసింది.

పసుపు, నిమ్మరసం, నందిగామలో కొన్న ఏదో క్రీము... రుద్ది రుద్ది చర్మం ఊడొచ్చేది. చూస్తే నాకే ఏడుపొచ్చేది.

ఆ వేసవిలో మా సైన్సు మాస్టారు నాకో పాత బైనాక్యులర్ ఇచ్చారు. దాంట్లోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్లు పోతాయి, వెలుగు తెల్లకాగితం మీద పడేలా పెట్టి కాగితాన్నే చూడమన్నారు. కల్లంలో అలాగే పెట్టాను. కాగితం మీద గుండ్రటి సూర్యుడు... అందులో పక్కపక్కనే రెండు నల్లమచ్చలు!

"గాజుకి కారం అంటిందేమో, ఇటియ్యి" అంటూ పిన్ని కొంగుతో తుడిచింది. మచ్చలు పోలేదు.

"అవి సూర్యుడి మీదే ఉన్నాయి పిన్నీ. లోపల పుట్టిన అయస్కాంత శక్తి పైకి ఉబికొస్తే, ఆ చోట వేడి తగ్గి నల్లగా కనబడుద్దంట. పైకొచ్చిన చోట ఒకటి, మళ్లీ లోపలికెళ్లే చోట ఒకటి."

పిన్ని కాగితం మీది మచ్చల్ని వేలితో తడిమింది.

"అయితే లోపల్నుంచి వచ్చేదాన్ని పైన రుద్దితే ఎట్టా పోద్దే?"

ఆ క్రీము డబ్బా మళ్లీ మా ఇంట్లో కనిపించలేదు.

తర్వాత రోజూ ఇద్దరం చూసేవాళ్లం. మచ్చలు కొద్దికొద్దిగా పక్కకు జరిగాయి... వెనకది ముక్కలైంది, ముందుది చిక్కిపోయింది... ఒకరోజు చూస్తే సూర్యుడు శుభ్రంగా ఉన్నాడు. ఆయన మచ్చలు పోయాయి, పిన్నివి అలాగే ఉన్నాయి. ఏమనుకుంటుందోనని బైనాక్యులర్ దాచబోయాను.

పిన్ని దాన్ని లాక్కుని, వెలుగు కాగితం మీద పడేలా పెట్టి చూసింది.

"పోనీలేవే పాపం... దానికైనా తగ్గింది" అంది. తువ్వాలు విప్పి చెమట తుడుచుకుని, కాయలు ఏరడానికి కూర్చుంది. మళ్లీ ముఖానికి చుట్టుకోలేదు.

ఇప్పుడు సూర్యుడి మచ్చల ఫొటోలు రోజూ ఫోన్‌లోకే వచ్చేస్తున్నాయి... ఎంత స్పష్టంగానో! మనుషుల మచ్చల్ని మాత్రం ఆ ఫోనే తుడిచేస్తోంది. మొన్న మా అమ్మాయి తీసిన ఫొటోలో తన నున్నటి బుగ్గలు చూసుకుని పిన్ని అడిగింది...

"ఎవరే ఈవిడ?"

మీ ఇంట్లో మచ్చలతో, ముడతలతో ఉన్నదున్నట్టు దిగిన పాత ఫొటోలుంటే కింద పెట్టండి... ఆ ముఖాలు చూడాలనుంది.