నెట్టు షావుకారు నల్లగా ఉంచిన వరసలు

నెట్టు షావుకారు చనిపోయాడన్న కబురు మా గూడేనికి దహనం కూడా అయిపోయాక వచ్చింది. గాలివానకి టవర్ పడుకుంది, ఎవరి ఫోనూ పలకడం లేదు. కాఫీ బస్తాలకని వచ్చిన జీపు డ్రైవరు తాడు బిగిస్తూ బిగిస్తూ, "మీ షావుకారు పోనాడు గదా, నర్సీపట్నంలో నిన్ననే కానిచ్చీసేరు. నీకు తెలీదేటి?" అన్నాడు. నాకు తెలీదు. బస్తా భుజం మీదే ఉండిపోయింది. ఇన్ని గూడేలకి కబుర్లు వేళకి అందించిన మనిషి, ఆయన కబురు ఒక్కటే వేళకి అందలేదు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని సంతలో వాళ్ళు నన్నే అడిగారు. నాకు రాయడం వచ్చని కాదు. ఆయన్ని అందరికంటే ఎక్కువ తిట్టింది నేనేనని వాళ్ళకి తెలుసు. అందుకే అడిగారేమో కూడా. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

గూడెం కొత్తవీధి రోడ్డు మీద మా సంత ఊళ్ళో ఆయనది చిన్న కొట్టు, ఇల్లు నర్సీపట్నంలో. వాళ్ళ నాన్న కాలంలో అందులో ఉప్పు, బట్టలు అమ్మేవారు. ఈయన వచ్చాక ఒక కంప్యూటరు, జిరాక్సు మిషను పెట్టి నెట్టు సెంటర్ అన్నాడు. జనం మాత్రం షావుకారు అన్న మాట వదల్లేదు, ముందు నెట్టు తగిలించారు అంతే. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. కొండ మీద ఎవరు ఏ దరఖాస్తు పెట్టినా, పోడు పట్టాకైనా, పింఛనుకైనా, కాలేజీ సీటుకైనా, ఈమెయిల్ అన్న గడిలో ఒకటే అడ్రసు ఉండేది. ఆయనది. మా దగ్గర మెయిల్ ఉన్నవాడెవడు? ఉన్నా సిగ్నలేది? అలా ఎన్నో గూడేల బతుకులు ఆ ఒక్క ఇన్‌బాక్సులోకి వచ్చి పడేవి.

నేను బడి మధ్యలోనే వదిలేశాను. మీటింగుల్లో పంచే కరపత్రాలే నా చదువు. మడతలు చిరిగేదాకా చదివేవాణ్ణి. కింద మైదానం నుంచి వచ్చిన షావుకార్లు మా రక్తం ఎలా పీల్చారో అందులో ఉండేది. అది అబద్ధం కాదు. ఇప్పటికీ కాదంటాను. అయితే ఆ కాగితంలో ఉన్న షావుకారు ముఖం తీసుకెళ్ళి, ఎదురుగా కనిపించిన ఈయనకి అతికించేశాను. మా కొండోళ్ళం ఎంత పెద్ద ఆఫీసర్నైనా నువ్వు అనే అంటాం. అందులో అమర్యాద ఉండదు. నేను ఆయన్ని అన్న నువ్వులో మాత్రం ఉండేది. ఆయనకీ తెలుసు.

ఒక సంత రోజు జిరాక్సు కోసం వెళ్ళి ఆయన కంప్యూటరు తెర చూశాను. పైనుంచి కిందదాకా మెయిళ్ళన్నీ లావు నల్ల అక్షరాల్లో ఉన్నాయి. చదవనివి అలా నల్లగా ఉంటాయని, చదివితే పలచబడతాయని నాకు తెలుసు. అంటే మా వాళ్ళవి ఒక్కటీ తెరవలేదన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. కొట్టు ముందు బల్లెక్కి అరిచాను. "చూడండ్రా. మన కాగితాల మీద బతుకుతాడు, మన మెయిళ్ళు తెరవనైనా తెరవడు. మన తాళం మన చేతికి రావాలి." అల్లం బుట్టలు దించుకుని జనం మూగారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

ఆయన కుర్చీలోంచి లేవలేదు. వాచిన కాళ్ళు ఇంకో స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు. "బతకాల గదేటి మరి," అన్నాడు. "సరే నాయకుడా, నేను విశాఖ ఆస్పత్రికి ఎల్లాల. వచ్చీదాకా నువ్వే సూడు. పాస్‌వర్డు రాసిత్తాను. ఇదిగో, ఈ నల్లగా ఉన్నాయి సూడు, ఇవి..."

"మాకు తెలుసు," అన్నాను.

"తెలిస్తే మంచిదే," అని కాగితం చేతిలో పెట్టాడు.

ఆ మాట పూర్తిగా విని ఉంటే ఈ వ్యాసం ఇలా ఉండేది కాదు.

ఆ సాయంత్రమే కూర్చుని ప్రతి మెయిలూ తెరిచాను, చదివాను. ప్రకటనలు చెరిపేశాను. ఆయన ఆదివారం, గురువారం అని ఏవో రంగుల చీటీలు తగిలించుకున్నాడు. పిచ్చి పని అనిపించి అవీ తీసేశాను. నా సిద్ధాంతం ప్రకారం కొత్త అరలు కట్టాను. పైన భూమి, దాని కింద అడవి, దాని కింద రోడ్లూ నీళ్ళూ. ఒక్కొక్క మనిషి సొంత పనులన్నీ అడుగున, వ్యక్తిగతం అన్న అరలో. పదిమంది పని ముందు, ఒక్కరి పని తరవాత. కరపత్రం నాకు నేర్పింది అదే. తెర మీద నలుపన్నది లేకుండా పోయింది. తెల్లగా, వడ్లు చెరిగిన చాటలా ఉంది. అంత గర్వం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఆ చదివినవాటిలో పై గూడెం అమ్మాయి మెయిల్ ఒకటుంది. నర్సు ట్రైనింగుకి ఎంపికైంది, సర్టిఫికెట్లు పట్టుకుని ఫలానా రోజు పాడేరులో కౌన్సెలింగుకి రావాలి, రాకపోతే సీటు మరొకరికి పోతుంది. చదివి సంతోషించాను. మనలోంచి ఒక నర్సు వస్తుంది అనుకున్నాను. వ్యక్తిగతంలో పడేశాను.

తరవాతి సంతలో మళ్ళీ బల్లెక్కి, భూమి మీద వచ్చిన మెయిళ్ళన్నీ చదివి వినిపించి, ప్రతిదానికీ ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆ అమ్మాయి తండ్రి పిప్పళ్ళు అమ్ముకుని వచ్చి వెనకాల నిలబడి అంతా విన్నాడు. అయిపోయాక దగ్గరికొచ్చి, "బాగా సెప్పినావురా గుంటడా," అని నా వీపు తట్టి, కొండెక్కి వెళ్ళిపోయాడు.

షావుకారు విశాఖ నుంచి కౌన్సెలింగు రోజు పొద్దున్నే, మొదటి బస్సుకే దిగాడు. చేతిసంచి కింద పెట్టకుండానే తెర చూసి, "అన్నీ తెల్లగైపోనాయేటి? అందరికీ సెప్పీసేవా?" అన్నాడు.

"అన్నీ చదివాను."

"సదివేవు సరే. ఎవలికి సెప్పేవు?"

నాకు ఆ ప్రశ్న అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఆయన ఆ లోపు కిందికి జరుపుకుంటూ పోయి వ్యక్తిగతం అరలో ఆగాడు. నర్సు ట్రైనింగు వరస మీద వేలు పెట్టాడు. గోడ మీద క్యాలెండరు చూశాడు. "బండి తియ్యి," అన్నాడు.

రోడ్డున్నంత మేరా నా బండి మీద, ఆ తరవాత నడక. చినుకులు పడుతున్నాయి. ఎర్రమట్టి జారుతోంది. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. వాచిన కాళ్ళు, ఒక్కో అడుగుకీ బురదలో దిగబడి లోపలే ఆగిపోయేవి. "నేను పరిగెత్తి చెప్పొస్తాను, నువ్వు ఇక్కడ కూర్చో," అన్నాను. "నీకు సెప్పడం రాదు," అన్నాడు. కోపంగా కాదు, వాన పడుతోంది అన్నట్టే.

ఆ అమ్మాయి తండ్రి గుమ్మంలో నిలబడి విని, నా వంక చూశాడు. "మొన్న సంతలో అంతసేపు మాటాడినావు గదా, ఇది సెప్పనేదేటి?" అన్నాడు. అతను ఇంకా ఏదో అనబోతుంటే షావుకారు చెయ్యి అడ్డం పెట్టాడు. "పొరపాటు ఈడిదే. ఈణ్ణి తిట్టడం నాకొదిలీండి. ముందు గుంటని బేగి బయల్దేరదీయండి."

కాగితాలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని ఆ అమ్మాయి నాతో కొండ దిగి నా బండెక్కింది. ఎంత తోలినా పాడేరు చేరేసరికి ఆమె పేరు పిలవడం, మూడోసారి కూడా పిలిచి పక్కన పెట్టేయడం అయిపోయింది. వచ్చే ఏడు రమ్మన్నారు. నేను అక్కడా అరవబోయాను. ఆ అమ్మాయి నా చొక్కా పట్టుకుని, "ఒద్దన్నా, నువ్వు మాటాడకు," అంది.

ఆ ఏడాదంతా ఆమె కాఫీ పళ్ళు కోసింది. బుట్ట నడుముకి కట్టుకుని సంతకి దిగేది. కనిపించినప్పుడల్లా "బాగున్నావా అన్నా" అనేది. తిట్టి ఉంటే బాగుండేది. మళ్ళీ ఏడు దరఖాస్తు పెట్టి వెళ్ళింది, ఇప్పుడు చదువుతోంది. అయినా పోయిన ఏడాది పోయిందే.

తిట్టడం నాకొదిలేయమన్న మనిషి నన్ను తిట్టలేదు. ఆ వారం ఎదురు చూశాను, ఆ నెల ఎదురు చూశాను. ఆయన చేసిందల్లా తన కుర్చీ పక్కన ఒక స్టూలు వేయించడం. "రా, నాయకుడా. నల్లగా ఎందుకుంటాయో ఇప్పుడు సెప్తాను, ఇంటావా?"

పొద్దున్నే ఆయన అన్నీ చదివేవాడు. చదివి, ఒక్కొక్కదాన్నీ మళ్ళీ చదవనట్టు నల్లగా మార్చి పెట్టేవాడు. "నేను సదివితే ఏటి లాభం? ఎవలిదో ఆళ్ళు ఇనాల. ఇన్నాక తిరిగి నాకు సెప్పాల. అప్పుడు గాని పని అయినట్టు కాదు." మనిషి వచ్చి, విని, ఏ రోజు ఎక్కడికి ఏం పట్టుకెళ్ళాలో తన నోటితో చెప్పాకే ఆ వరస తెల్లబడేది. తప్పు చెబితే మళ్ళీ మొదటినుంచి. విసుక్కునేవాడు, పళ్ళు నూరేవాడు, మళ్ళీ చెప్పేవాడు.

రంగుల చీటీలు సంతలవి. ఏ గూడెం ఏ సంతకి దిగుతుందో దాన్ని బట్టి. ఎప్పుడో ఉప్పుకీ నూనెకీ మాత్రమే దిగే పై గూడేలకి పసుపు నక్షత్రం, అవి అన్నిటికంటే పైన. నేను గడువు తేదీ బట్టి పేర్చబోతే మౌసు లాక్కున్నాడు. "తారీకు కాదురా, సంత సూడాల. నెలాకరి పనికి దిగువ గూడెపోడికి ఇంకా సంతలున్నాయి. పై గూడెపోడికి ఇదే ఆకరి సంత."

స్పామ్ అరని రోజూ మొదట తెరిచేవాడు. ఆఫీసుల నుంచి వచ్చేవి చాలా అందులోనే పడేవి. "మీయోల్ని తోసీసే సోటొకటి ఎప్పుడూ ఉంటాది. ముందు అక్కడ ఎతకాల." ఇంత మంచి మాట నాకు ఏ కరపత్రంలోనూ దొరకలేదని అన్నాను. "అయితే అచ్చేయించు, జిరాక్సు డబ్బులు నాకే వస్తాయి," అని నవ్వాడు.

సంత రోజు పొద్దు వాలాక ఒక్క నల్ల వరస మిగిలినా షట్టరు పూర్తిగా దించేవాడు కాదు. సగం దించి లోపల కూర్చునేవాడు. సందులోంచి రోడ్డు మీద నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రం కనిపించేవి. మట్టి రంగు చూసి ఏ గూడెమో చెప్పేవాడు. పై గూడేల ఎర్రమట్టి కనబడితే "ఓయ్, ఎవలది, ఆగు" అని లోపల్నుంచే కేకేసేవాడు. నాకు అది నవ్వులాటగా ఉండేది.

ఆయన దేవుడేం కాదు. మసక ప్రింటుకి కూడా డబ్బులు తీసుకునేవాడు. కరెంటు పోతే ఊరందర్నీ కలిపి తిట్టేవాడు. నా మీటింగులకి ఒక్కసారైనా రాలేదు. మా తాళం మా చేతికి రావాలని నేను అన్న మాటకి మాత్రం అడ్డం చెప్పలేదు. స్టూలు వేసి నేర్పాడు. అది అర్థమయ్యాక కూడా మీరు అని పిలవడానికి నా నోరు తిరగలేదు. ఎప్పుడో ఒకప్పుడు పిలవచ్చులే అనుకున్నాను.

కబురు తెలిశాక నర్సీపట్నం వెళ్ళాను. వాళ్ళావిడ గుమ్మంలోనే గుర్తుపట్టింది. "నువ్వేనా బాబూ నాయకుడివి?" అంది. మంచినీళ్ళిచ్చింది. తాగి, ఆయన నన్ను ఒక్కసారీ తిట్టలేదండీ అన్నాను. ఆమె అంత దుఃఖంలోనూ నవ్వింది.

"ఇంట్లో మమ్మల్ని తిట్టని రోజుందేటి ఆయన? నిన్నూ తిట్టీవారు, ఇక్కడ కూకోని. ఆ గుంట సీటు పోయిన్నాడైతే అన్నం ముట్టలేదు. ఎదురుగా ఎందుకు తిట్టరని నేనే అడిగేను. ఆణ్ణి తిడితే మానేత్తాడే, మానేత్తే నా తరవాత ఆళ్ళందరికీ ఎవడు సెప్తాడు అన్నారు."

మంచితనం కొద్దీ క్షమించాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు. నాతో పని ఉండి కోపం మింగాడు. పదిమంది పని కోసం సొంత కోపాన్ని అడుగు అరలో పెట్టడం, నేను బల్లెక్కి చెప్పినదాన్ని, ఆయన కుర్చీలో కూర్చుని చేశాడు. వచ్చేటప్పుడు ఆమె కొట్టు తాళం నా చేతిలో పెట్టి, "సంత రోజులు తెరువు బాబూ," అంది.

ఇవాళ సంత. వానకి జనం పలచగా దిగారు. వచ్చినవాళ్ళందరికీ చెప్పాను, తిరిగి చెప్పించుకున్నాను. ఒక తాత అయిదుసార్లు తప్పు చెప్పాడు. కోపం గొంతుదాకా వచ్చింది, ఆరోసారి చెప్పాను. ఒక్కొక్క వరసా తెల్లబడింది, ఒక్కటి తప్ప. పై గూడెంలో ఒంటరి ముసలమ్మ. ఈ వారంలోగా ఆఫీసుకి వచ్చి ముఖం చూపించకపోతే పింఛను ఆగిపోతుందని మెయిల్. పై గూడెం నుంచి ఇప్పటిదాకా ఎవరూ దిగలేదు. ఆఖరి జీపు డ్రైవరు హారన్ కొట్టి, "బేగి రా, పొద్దుపోతంది," అన్నాడు. నువ్వు వెళ్ళు, అన్నాను. ఎవరూ దిగకపోతే పొద్దున్నే నేనే ఎక్కాలి.

ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది. నా స్టూలు మీద కూర్చుని, లేచి షట్టరు సగం దించాను. సందులోంచి కాళ్ళు పోతున్నాయి. నల్లమట్టి కాళ్ళు, చెప్పుల కాళ్ళు, తడి గోనె ఈడ్చుకుంటూ పోయే ఎవరివో కాళ్ళు. వెనకాల తెర వెలుగులో ఆ ఒక్క వరసా నల్లగానే ఉంది. నేను ఎర్రమట్టి కోసం చూస్తున్నాను.