స్టాండు దగ్గర కలిపిన వైరు

ఎవరైనా బండి సైడు స్టాండు కాలితో తన్నిన చప్పుడు వినబడితే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి, స్టాండు పైకి లేచిందా లేదా అని తిరిగి చూస్తాను. ఏళ్లుగా ఇంతే. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. ప్రార్థనలో కళ్లు మూసుకుని అన్నీ ఒప్పుకుంటూ పోయి, ఈ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి పక్కకు తప్పుకుని, పిల్లల చదువు గురించో వానల గురించో అడగడం మొదలుపెట్టేవాణ్ని, దేవుడికి తెలియదన్నట్టు. ఇక మోయలేను. అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మా వాళ్ల పేర్లు రాయను. ఊరు బూర్గంపాడు అవతల, అడవి మొదలయ్యే చోట అనుకోండి, చాలు.

బావ అంటే మా అక్క భర్త. మా చర్చి సంఘం తరఫున గూడేలకు వెళ్లి వాక్యం చెప్పేవాడు. మెత్తటి మనిషి. సారా, కల్లు సంగతి అటుంచండి, టీ కూడా ఎవరైనా బలవంతం చేస్తేనే తాగేవాడు. ఆ దారుల్లో మామూలు బండ్లు నిలవవు. అందుకని సంఘం వాళ్లు తలా కొంత వేసుకుని ఒక ఆఫ్‌రోడ్ బండి కొనిచ్చారు. ఎత్తుగా, గుర్రంలా ఉండేది. బావకు దాని మీద కూర్చుంటే కాళ్ల వేళ్లే నేలకు అందేవి.

నాకు బండ్లంటే పిచ్చి. సెల్ టవర్లు చూసుకునే ఉద్యోగం నాది. అడవిలో తిరిగీ తిరిగీ బండి విప్పడం, బిగించడం చేతికి అలవాటైంది. కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు నడిపేవాణ్ని చూస్తే నాకు జాలి వేసేది. బావ బండి దొరికేసరికి నా పైత్యమంతా దాని మీద చూపించాను. చైను తిప్పే ముందరి పళ్లచక్రం తీసి, ఒక పన్ను తక్కువది వేశాను, గుట్ట ఎక్కేటప్పుడు ఊపు వస్తుందని. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూతకు బెజ్జాలు పెట్టాను. బురద పట్టకుండా వెనక మడ్‌గార్డు రంపంతో కోశాను. వాగులో దిగినప్పుడు ఇంజిన్‌లోకి నీళ్లు పోకూడదని, మందుల షాపులో సెలైన్ పైపు కొని దాని ఊపిరి గొట్టానికి తగిలించి, ట్యాంకు కిందిదాకా ఎక్కించాను. అన్నీ చవక పనులే. అన్నీ నా చేత్తో చేసినవే. ఆ సెలైన్ పైపు చూసి బావ నవ్వాడు. "ఏంది బామ్మర్దీ, ఇది బండా, పేషెంటా?" అన్నాడు. నిజం చెప్పాలంటే బండి బాగా పరుగెత్తింది. నేను పొంగిపోయాను.

ఇక స్టాండు సంగతి. కొంచెం విడమరచి చెప్పాలి, అసలు కథంతా ఇక్కడే ఉంది. అలాంటి బండికి సైడు స్టాండు దగ్గర ఒక చిన్న స్విచ్ ఉంటుంది. స్టాండు లేపకుండా గేరు వేస్తే ఇంజిన్ ఆగిపోతుంది. మనిషి మరిచిపోయినా బండి గుర్తు చేస్తుందన్నమాట. బావ ఎప్పుడూ మరిచిపోయేవాడు. గూడెంలో ప్రార్థన అయ్యాక, చుట్టూ చేరిన వాళ్లతో మాట్లాడుతూ మాట్లాడుతూనే బండి స్టార్ట్ చేసి, గేరు వేసేవాడు. టక్కున ఆగేది. అప్పుడు "అయ్యో" అని స్టాండు లేపేవాడు. పిల్లలు పకపకా నవ్వేవారు. ఒకసారి తోడు వెళ్లినప్పుడు నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. అంటే నాకు తెలుసు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ వానాకాలం స్విచ్‌లో బురద చేరింది. స్టాండు లేపి ఉన్నా ఒక వాగు మధ్యలో బండి ఆగిపోయింది. బావ దిగి నెట్టుకుంటూ బయటపడ్డాడు. సంచిలో బైబిళ్లు తడిసి ముద్దయ్యాయట. బాగు చెయ్యమని నన్ను అడిగాడు. శుభ్రం చేసి పెట్టొచ్చు. కొత్త స్విచ్ తెప్పించొచ్చు. నేను ఆ రెండూ చెయ్యలేదు. స్విచ్ కనెక్షన్ పీకేసి, దానికి వెళ్లే రెండు వైర్లనూ కలిపి టేపు చుట్టాను. చిటికెలో పని. ఇక స్టాండు పైనున్నా కిందున్నా బండికి ఒకటే.

"ఇగ ఆగదు బావా, ఏడికన్న పో" అన్నాను.

ఎందుకు ఆగదో చెప్పలేదు. మరిచిపోయానా? చాలాకాలం అలాగే అనుకోవడానికి ప్రయత్నించాను. కాదు. టేపు చుడుతుండగానే, ఈయన స్టాండు మరిచిపోతాడే అన్న ఆలోచన నా తలలోకి వచ్చింది, స్పష్టంగా వచ్చింది, వచ్చాక కూడా తర్వాత చెబుదాంలే అనుకున్నాను, ఎందుకంటే అప్పుడు బావ నా పనితనాన్ని మెచ్చుకుంటున్నాడు, ఆ మెప్పు మధ్యలో 'కానీ జాగ్రత్త' అనడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. ఇంత చిన్న కారణం. ఇంత చిన్న కారణానికి ఒక మనిషి బతుకు కూలిపోతుందా? పోయింది.

ఆ వారమే, పొద్దు గుంకే వేళ, గూడెం నుంచి తిరిగొస్తూ బావ పడ్డాడు. కల్వర్టు దాటాక దారి ఎడమకు తిరుగుతుంది. అక్కడ బండి వంచేసరికి, కిందికి ఉన్న స్టాండు రోడ్డుకు తన్నుకుంది. చప్పుడు విని గూడెం వాళ్లు పరుగెత్తుకొచ్చారు. కాలి ఎముక బయటికి వచ్చిందట. వాళ్లు చేసేదే చేశారు. ఇప్పసారా తెచ్చి గాయం మీద పోసి, బట్ట తడిపి కట్టారు. గాయానికి సారా పోయడం అక్కడ మామూలు. మంచం మీద మోసుకొచ్చి ఆటోలో ఎక్కించారు. భద్రాచలం దవాఖానాకు చేరేసరికి బావ ఒళ్లంతా సారా వాసన. సంఘ పెద్దలు వచ్చారు. వాసన చూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బావకు స్పృహ వచ్చాక కూడా ఆ సాయంత్రం ఏమీ గుర్తు రాలేదు, తలకు దెబ్బ తగిలింది కదా.

మర్నాడు బండి తేవడానికి నేనే వెళ్లాను. స్టాండు కిందికే ఉంది, వంగిపోయి. తారు మీద గీత పడి ఉంది. ఆ గీతను వేలితో తడిమి చూశాను. ఎవరూ చెప్పనక్కర్లేదు. నాకంతా అర్థమైంది.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఇంకో పని చేశాను. బండి ఇంటికి తెచ్చి, ఇనుప పైపు పెట్టి స్టాండు సరిచేశాను. టేపు విప్పి వైర్లు విడదీశాను. స్విచ్ కడిగి, ఆరబెట్టి, మళ్లీ తగిలించాను. ఇన్సూరెన్స్ వాళ్లు చూస్తే డబ్బులు ఇవ్వరు, అక్క కోసమే చేస్తున్నాను అని నాకు నేనే చెప్పుకున్నాను. ఒట్టిదే. అక్క ముందు నిలబడలేక చేశాను.

తర్వాత పెద్దలు విచారణ పెట్టారు, చర్చి ఆవరణలో, ఆ బండి పక్కనే. గూడెం పెద్దమనిషి అంత దూరం నడిచి వచ్చాడు. "సార మేమే పోసినం అయ్యా, కాలు కడగనీకి. ఆయన తాగలే. బండి స్టాండు కిందికున్నది, నా కండ్లతోటి చూసిన" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక పెద్దాయన లేచి బండి స్టార్ట్ చేశాడు. స్టాండు దించి గేరు వేశాడు. ఇంజిన్ టక్కున ఆగిపోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ ఆగింది. "స్టాండు దించితె ఈ బండి కదలనే కదలదు. గట్లెట్ల పడతడు? మీకు ఆయనంటే పాణం, అందుకే దాస్తున్నరు" అన్నాడు. గూడెం మనిషి బండి వంక చూసి, తన కళ్లను తానే నమ్మలేనట్టు తల దించుకుని వెళ్లిపోయాడు. నేను అక్కడే ఉన్నాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నా చేత్తో బాగుచేసిన స్విచ్ అందరి ముందూ అబద్ధ సాక్ష్యం చెబుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం దవాఖానా వరండాలో అక్క నన్ను పక్కకు పిలిచింది.

"తమ్ముడూ, నువ్వు దాచకు. తాగిండా?"

"నేను చూడలే అక్కా."

"వాసన వచ్చిందా, రాలేదా?"

ఆ ఒక్క క్షణం. దాంట్లోకే ఇప్పటికీ రోజూ వెనక్కి పోతుంటాను.

"వాసనైతే వచ్చింది" అన్నాను.

"అవ్. నాక్కూడ వచ్చింది" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, చెంబు తీసుకుని లోపలికి వెళ్లింది. నేను అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధం చెప్పి ఉంటే ఎప్పుడో ఒప్పుకునేవాణ్నేమో. నిజంతోనే అక్క గొంతు కోశాను. దాన్ని ఎట్లా ఒప్పుకోవాలో ఇన్నేళ్లూ తెలియలేదు.

బావను వాక్యం చెప్పకుండా ఆపారు. ప్రభు సంస్కారం, అంటే ఆరాధనలో అందరికీ పంచే రొట్టె, ఇవ్వడం ఆపారు. మాలో అదెంత పెద్ద శిక్షో తెలిసినవాళ్లకు తెలుస్తుంది. రొట్టె పళ్లెం వరసలో వస్తూ వస్తూ ఒక మనిషిని దాటుకుని పోతుంది, చుట్టూ ఉన్నవాళ్లు చూడనట్టు చూస్తారు. బావ మొదట్లో గట్టిగానే చెప్పాడు, నేను తాగలేదని. తర్వాత గొంతు తగ్గింది. ఆ తర్వాత 'ఏమో' అనడం మొదలుపెట్టాడు. గుర్తులేని సాయంత్రం కదా, అందులో అందరూ ఏది పెడితే అది నిలుస్తుంది.

ఒక ఆదివారం కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. "నాకు యాదికి లేదు. గని ఇంతమంది అంటున్నరంటే తాగే ఉంట. తప్పయింది. క్షమించుండ్రి" అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులో కొంచెం శాంతి ఉండటం చూశాను, అదే నన్ను ఎక్కువ చంపింది. చేయని తప్పు బావ ఒప్పుకున్నాడు. చేసిన నేను రెండు వరసల వెనక కూర్చుని, నేను కూడా ఆమెన్ అన్నాను. ఆ రోజు పళ్లెం బావ దగ్గర ఆగింది. నా దగ్గరా ఆగింది. నేను కూడా చెయ్యి చాపి తీసుకున్నాను.

ఇప్పుడు బావ జిరాక్స్ షాపులో కూర్చుంటాడు. కుంటుతాడు. మళ్లీ వాక్యం చెప్పమని ఎవరూ అడగలేదు. నేను వెళ్లి బండి ఆపితే, "స్టాండు సరిగ ఎయ్యి బామ్మర్దీ, పడిపోతది" అంటాడు, మామూలుగానే. నాకు టీ తెప్పిస్తాడు.

మొన్న అక్క మాటల మధ్యలో అంది, ఇప్పటికీ రోజూ పొద్దున లేవగానే ఆ ఒక్క దానికే క్షమాపణ అడుగుతాడట. ఇన్నేళ్లైనా దేవుడు క్షమించినట్టు అనిపించడం లేదంటాడట. ఎట్లా అనిపిస్తుంది? చేయని పాపానికి క్షమాపణ ఎక్కణ్నుంచి వస్తుంది? ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను, తినకుండానే లేచాను. అందుకే ఇది రాస్తున్నాను.

అక్కకు చెబుతానో లేదో తెలియదు. ధైర్యం వస్తుందని మీకు మాట ఇవ్వలేను, నా మాట ఎట్లాంటిదో చూశారు కదా. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, అది మీ చేతిలో ఉన్నది కాదు. ఒకటి మాత్రం. ఇంతకాలం ఈ మాటను తలలో కూడా చివరిదాకా అనుకోలేదు, సగంలోనే తుంచేశాను. ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను, రాస్తుంటే గుండె మీంచి బరువు కొంచెం పక్కకు జరిగినట్టుంది. ఆ వైర్లు కలిపింది నేను. విడదీసి దాచింది నేను. బావ తాగలేదు.